పాత మిక్సా, కొత్త మిక్సా? ముందు శబ్దం సమం చేయండి

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్‌ల రీమిక్సుల మీదే, అంటే ఒక్కో వాయిద్యం విడిగా ఉన్న టేపుల నుంచి మళ్లీ కలిపిన ప్రతుల మీదే. ఒకే ప్రశ్నను నలుగురైదుగురు అడిగిన చోట కలిపి ఒకే జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న (కావలి): జెత్రో టల్ బృందం ఆల్బమ్ ‘ఆక్వాలంగ్’ పాత సీడీ, 2011లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేసిన రీమిక్స్, రెండూ ఉన్నాయి. కొత్తదే బాగుందనిపిస్తోంది. నిజంగా బాగుందా, లేక గట్టిగా మోగుతోంది కాబట్టి అలా అనిపిస్తోందా?

జవాబు: అనుమానం రావాల్సిందే. ఒక డెసిబెల్ తేడా ఉంటే మన చెవికి అది ‘శబ్దం పెరిగింది’ అని తెలియదు. ‘బేస్ నిండుగా ఉంది, గొంతు దగ్గరగా ఉంది’ అని తోస్తుంది. శబ్దం సమం చేయకుండా విని చెప్పే తీర్పు ఏదైనా పక్కన పెట్టాల్సిందే.

ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. రెండు సీడీల నుంచీ ఒకే పాటను నాణ్యత తగ్గని వావ్ ఫైలు గానో ఫ్లాక్ ఫైలు గానో తీసుకోండి. రెండింటినీ ఒకే ప్రాజెక్టులో ఒకదాని కింద ఒకటి తెరిచి, పాటలో 20, 30 సెకన్ల ముక్క ఎంచుకుని మిగతాది కత్తిరించేయండి. ఇప్పుడు ఒక్కో ట్రాకునూ విడిగా ఎంచుకుని, ఎఫెక్ట్ మెనూలోని లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తగిలే శబ్దాన్ని కొలిచే ప్రమాణం) ఇవ్వండి. అదే మెనూలో ఉండే మామూలు ‘నార్మలైజ్’ జోలికి పోవద్దు. అది అలలో అన్నిటికన్నా ఎత్తైన ఒక్క మొనను చూసి సమం చేస్తుంది తప్ప చెవికి తగిలే శబ్దాన్ని చూడదు. డ్రమ్ దెబ్బ పదునుగా ఉన్న మిక్స్ అప్పుడు మొత్తంగా చిన్నబోయి, ఓడిపోయినట్టు కనిపిస్తుంది.

పాట మొత్తం పెట్టుకోవచ్చు కదా అంటారేమో. ఈ తరహా పాటల్లో ఒక నిమిషం హోరు, మరు నిమిషం ఒంటరి అకౌస్టిక్ గిటార్. రీమిక్స్ చేసినవాళ్లు ఆ రెంటి మధ్య ఎడాన్ని మార్చి ఉండొచ్చు. పాటంతటికీ కలిపి సమం చేస్తే హోరు దగ్గర సరిపోయినట్టే ఉంటుంది, నెమ్మది భాగంలో మాత్రం తేడా అలాగే మిగిలిపోతుంది. దానికి తోడు టేపు యంత్రాల వేగం ఎప్పుడూ ఒకేలా నడవదు. మొదట్లో జత కలిపిన పాట చివరికొచ్చేసరికి జారిపోతుంది. అందుకే ప్రతి ముక్కలోనూ ఒక స్నేర్ డ్రమ్ దెబ్బను పెద్దగా జూమ్ చేసి చూసి, రెండో ట్రాకును జరిపి దాని కిందికి తెచ్చుకోవాలి. ఆ తర్వాత సోలో బటన్‌తో అటూ ఇటూ మారుస్తూ వినండి. ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంకొకరి చేత మార్పించుకుంటే మరీ మంచిది.

ఏం వినాలి? టైటిల్ పాటలో సుమారు ఒక నిమిషం గడిచాక ఎలక్ట్రిక్ గిటార్ తప్పుకుని అకౌస్టిక్ గిటార్ వస్తుంది. అక్కడ గాయకుడు ఇయాన్ ఆండర్సన్ గొంతు టెలిఫోన్‌లోంచి వచ్చినట్టు సన్నగా ఉంటుంది. అది కావాలని చేసిన పని, రెండు మిక్సుల్లోనూ ఉంటుంది. దాన్ని పాత సీడీ లోపం కింద రాసుకోకండి. అసలు తేడా దాని చుట్టూ ఉంది: గిటార్ తీగ మీద వేళ్ల రాపిడి, హోరు తిరిగి వచ్చినప్పుడు బేస్, కిక్ డ్రమ్ విడివిడిగా తెలుస్తున్నాయా లేదా అన్నది. పాత మిక్స్‌లో ఈ రెండూ ముద్దగా కలిసిపోతాయి. ‘లోకోమోటివ్ బ్రెత్’ మొదట్లో వచ్చే జాన్ ఎవాన్ పియానో ఇంకో మంచి పరీక్ష. మీటల దెబ్బ ఎంత స్పష్టంగా ఉందో, వెనక టేపు సుస్సుమనే చప్పుడు ఎంత ఉందో అక్కడే తెలుస్తుంది.

లండన్‌లో అప్పుడే తెరిచిన ఐలాండ్ రికార్డ్స్ వారి బేసింగ్ స్ట్రీట్ స్టూడియోలో చేసిన రికార్డింగ్ ఇది. శబ్దం సరిగ్గా కుదరలేదని ఆండర్సనే ఒప్పుకున్నారు. ఈ ఆల్బమ్ వరకు మా ఓటు నిస్సంకోచంగా రీమిక్స్‌కే. అన్నిటికీ అదే మాట చెప్పం. యెస్ బృందం 1972 నాటి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ను అడ్విజన్ స్టూడియోలో ఇంజనీర్ ఎడ్డీ ఆఫర్డ్ చక్కగానే తీశారు. విల్సన్ 2013 రీమిక్స్‌లో వాయిద్యాలు విడిగా తెలుస్తాయన్నది నిజమే. కానీ పాత మిక్స్‌లో అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ రావడమే ఆ పాటకు ఊపు. రెండూ ఉంచుకోండి. ఆ 2013 సెట్‌లో పాత మిక్స్ ఫ్లాట్ ట్రాన్స్‌ఫర్ కూడా ఉంది, అంటే ఈక్వలైజర్ గానీ కంప్రెషన్ (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడాను తగ్గించడం) గానీ తగిలించకుండా మాస్టర్ టేపును ఉన్నదున్నట్టు ఎక్కించినది. పోలికకు అంతకన్నా మంచి పాత ప్రతి దొరకదు.

ప్రశ్న (నెల్లూరు): యాప్‌లో ఒకే ఆల్బమ్‌కు ‘రీమాస్టర్’ అని ఒకటి, ‘రీమిక్స్’ అని ఒకటి కనిపిస్తున్నాయి. నేను వింటున్నది నిజంగా ఏదో ఎలా పట్టుకోవాలి?

జవాబు: రీమాస్టర్ అంటే అప్పటికే కలిపేసిన రెండు చానళ్ల టేపుకు మెరుగు పెట్టడం. అందులో గిటార్‌ను ఒక్కదాన్నే పెంచడం కుదరదు. రీమిక్స్‌కు ఒక్కో వాయిద్యం విడిగా ఉన్న మల్టీట్రాక్ టేపు దగ్గరికి వెళ్లి కలపడం మళ్లీ మొదలుపెడతారు. మన సినిమాల్లో పాత పాటకు కొత్త బీటు కొట్టడానికీ దీనికీ సంబంధం లేదు.

పట్టుకోవడానికి తేలిక దారి: ఒక ఇయర్‌ఫోన్ తీసేసి ఎడమ చెవితోనే వినండి. రీమాస్టర్‌లో ఏ వాయిద్యం చోటూ మారదు. మారిందంటే అది రీమిక్సే. పాట చివర శబ్దం తగ్గుతూ పోయే తీరు, పాట నిడివి కూడా చూడండి. రీమిక్సుల్లో అవి తరచూ కొన్ని సెకన్లు అటూ ఇటూ అవుతాయి. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే, రెండు ఫైళ్లూ మీ దగ్గరే ఉంటే, ఆడాసిటీలో జత కలిపి శబ్దం సమం చేసి, ఒకదానికి ‘ఇన్వర్ట్’ కొట్టి (అంటే అలను తలకిందులు చేసి) రెండూ కలిపి మోగించండి. రీమాస్టర్ అయి, టేపు నుంచి ఒకేసారి ఎక్కించిన ప్రతి నుంచే రెండూ వచ్చి ఉంటే, చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పలచని చప్పుడేదో మిగులుతుంది. రీమిక్స్ అయితే దాదాపు పాటంతా అలాగే ఉంటుంది. ఒక్క శాంపిల్ (డిజిటల్ శబ్దంలో అతి చిన్న తునక) జారినా పై స్థాయి శబ్దాలు రద్దు కావు కనుక జత కలపడంలో తొందరపడొద్దు.

యాపిల్ మ్యూజిక్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో డాల్బీ అట్మాస్ (చుట్టూ నుంచి వినిపించే శబ్దం) ఆఫ్ చేసుకోవాలి. ‘ఆటోమేటిక్’లో వదిలేస్తే మీరు స్టీరియో అనుకుని అట్మాస్ మిక్స్ వింటూ ఉండొచ్చు, అది ఇంకో మూడో మిక్స్. ఏ యాప్ అయినా క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను మరో పాట మొదలులో కలపడం), ఈక్వలైజర్ ఆపేయండి.

ఇక రీమిక్స్ అన్న మాట చూసి మురిసిపోనక్కర్లేదు. 2007, 2008ల్లో నిక్ డేవిస్ చేసిన జెనెసిస్ బృందం ఆల్బమ్‌ల రీమిక్సుల్లో వాయిద్యాలు బాగానే విడివడ్డాయి. కానీ స్టీరియో సీడీని గట్టిగా నొక్కి మాస్టర్ చేయడంతో ఓ అరగంటకే చెవులు అలసిపోతాయి. అక్కడ తప్పు మిక్స్‌ది కాదు, మాస్టరింగ్‌ది.

ప్రశ్న (ఒంగోలు): కింగ్ క్రిమ్సన్ బృందం మొదటి ఆల్బమ్ రీమిక్స్‌లో ‘మూన్‌చైల్డ్’ పొట్టిగా ఉంది. ఫైలు పాడైందా? ఇంకో సంగతి, ‘21స్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్’ మొదటి అర నిమిషం నాకేమీ వినిపించడం లేదు.

జవాబు: ఫైలు బాగానే ఉంది. 1969 ప్రతిలో ఆ పాట 12 నిమిషాల పైచిలుకు. 2009లో విల్సన్, ఆ బృందం గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ కలిసి స్టీరియో రీమిక్స్ చేసినప్పుడు చివర అప్పటికప్పుడు వాయించిన భాగాన్ని తగ్గించారు, సుమారు 9 నిమిషాలకు వచ్చింది. పోల్చేటప్పుడు మొదటి పాట భాగమే పెట్టుకోండి.

రెండోది: ఆ పాట గాలి ఊదినట్టుండే చాలా చిన్న చప్పుడుతో మొదలై, తర్వాత ఒక్కసారిగా రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గట్టి గిటార్ వరస) మీద పడుతుంది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఆ మొదటి ముక్క వినపడదు. ఒంగోలు ఎండల్లో ఫ్యాన్ ఆపి వినమనడం అన్యాయమే. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, లేదా ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి. రిఫ్ వచ్చేదాకా వాల్యూమ్ మాత్రం పెంచొద్దు, చెవులు గింగురుమంటాయి.

ఈ ఆల్బమ్ 8 ట్రాకుల టేపు మీద తీశారు. చోటు చాలక, నింపిన ట్రాకులను కలిపి వేరే టేపుకు దింపి, ఖాళీ అయిన చోట మెలోట్రాన్ (టేపులతో పలికే కీబోర్డు) లాంటివి చేర్చేవారు. దింపిన ప్రతిసారీ ఒక తరం నాణ్యత పోతుంది. రీమిక్స్‌కు దింపక ముందరి టేపులను కంప్యూటర్‌లో జత చేసుకోగలిగారు కనుక డ్రమ్స్ అంత తేటగా వచ్చాయి.

ప్రశ్న (కొత్తపట్నం): పాత ఎల్‌పీ నుంచి ఎక్కించుకున్న ఫైలు డీఆర్ మీటర్‌లో (గట్టి, మెల్లని శబ్దాల మధ్య ఎడాన్ని కొలిచేది) 13 చూపిస్తోంది, రీమిక్స్ సీడీ 11. ఎల్‌పీయే మేలని అర్థమా?

జవాబు: కాదు. రికార్డు చెక్కేటప్పుడూ సూది చదివేటప్పుడూ అల ఆకారం మారి మొనలు పెరుగుతాయి. ఒకే మాస్టర్ నుంచి వచ్చిన ఎల్‌పీ కూడా సీడీ కన్నా ఎక్కువ అంకె చూపిస్తుంది. డీఆర్ అంకెను సీడీకి సీడీతోనే పోల్చాలి. రికార్డు ఒక్కో వైపు చివరి పాటలు గరగరమంటే మిక్స్‌ను తప్పు పట్టకండి. లోపలి గాడుల్లో సూదికి ఆ బాధ మామూలే.

రికార్డు కడగడానికి బోరు నీళ్లు వాడొద్దు, ఆరాక తెల్లటి సున్నం పొర మిగులుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఏ బ్యాటరీ దుకాణంలోనైనా దొరుకుతుంది. అర లీటరుకు రెండు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడే తుడిచి, తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడవండి. మధ్య కాగితం లేబుల్ తడవకూడదు. సముద్రపు గాలి తగిలే ఇంట్లో పూర్తిగా ఆరకుండా కవర్లో పెడితే బూజు ఖాయం.

ప్రశ్న (కందుకూరు): రీమిక్స్ సెట్‌లోని డీవీడీలో 5.1 (ఆరు చానళ్ల శబ్దం) పెడితే హోమ్ థియేటర్ వెనక స్పీకర్లు మోగడం లేదు.

జవాబు: ప్లేయర్ ఆడియో మెనూలో ఎస్‌పీడీఐఎఫ్ (డిజిటల్ ఆడియో అవుట్‌పుట్) అన్న చోట ‘పీసీఎం’ ఉంటుంది, దాన్ని ‘రా’ లేదా ‘బిట్‌స్ట్రీమ్’కు మార్చండి. తర్వాత డిస్క్ మెనూలో డీటీఎస్ (5.1 శబ్దాన్ని నింపే ఒక పద్ధతి) ఎంచుకోండి. అయినా మోగకపోతే మీ యాంప్లిఫయర్ మీద డీటీఎస్ గుర్తు ఉందేమో చూడండి. ఒట్టి డాల్బీ డిజిటల్ యాంప్లిఫయర్లు డీటీఎస్‌ను విప్పలేవు. ఎరుపు, తెలుపు తీగలతో మాత్రమే కలిపి ఉంటే వెళ్లేది స్టీరియోనే. ఆప్టికల్ గానీ కోయాక్సియల్ గానీ తీగ వేయాలి. రెండే స్పీకర్లున్న ఇంట్లో 5.1 ట్రాక్ పెట్టి స్టీరియో రీమిక్స్ మీద తీర్పు చెప్పొద్దు. ఆరు చానళ్లను రెండింట్లోకి కుదించే పని అప్పుడు ప్లేయర్ తనకు తోచినట్టు చేస్తుంది.