కణాలకు తెలుసు అనకండి, చూపించండి

చిరంజీవి సౌమ్యకు ఆశీస్సులు.

పిండంలో కణాల కదలికపై నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష హాయిగా సాగింది. అయితే ‘ప్రతి కణానికీ తన చోటేదో తెలుసు, అక్కడికి చేరాలని తపిస్తుంది’ అన్న వాక్యం దగ్గర నీ వ్యాసం ఆగిపోయింది. తెలుసు అని చెప్పేశాక, ఎలా అని అడిగే అవకాశం పాఠకుడికి మిగలదు.

ఆ ప్రశ్న మిగలాలంటే ప్రయోగంతో మొదలుపెట్టు. 1907లో జీవశాస్త్రవేత్త హెచ్.వి. విల్సన్ బతికున్న స్పాంజిని సన్నని పట్టుబట్టలోంచి పిండి విడివిడి కణాలుగా చేస్తే, అవి మళ్లీ గుమిగూడి స్పాంజిగా ఎదిగాయి. టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ అనే పరిశోధకులు 1955లో ఉభయచరాల పిండాలపై ప్రచురించిన పనిని మాత్రం నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. దానికి ఒక పేజీ ఇవ్వాలి. క్షార ద్రావణంలో కణజాలాన్ని విడదీసి, పైచర్మం కావలసిన కణాలనూ మెదడు, వెన్నుపాము కావలసిన నాడీఫలకం కణాలనూ కలగలిపి వదిలారు. రంగులోనూ పరిమాణంలోనూ తేడా ఉన్న జాతుల కణాలను ఎంచుకున్నందువల్ల ఏది ఎటు పోయిందో పోల్చుకోగలిగారు. మొదట అంతా కలగాపులగమైన ముద్ద. క్రమంగా చర్మకణాలు వెలుపల తొడుగులా పరుచుకున్నాయి, నాడీకణాలు లోపలికి చేరాయి. దారి చూపడానికి చుట్టూ పిండమే లేదు, గమనించావా?

దీనికి జీవశాస్త్రవేత్త స్టైన్‌బర్గ్ 1960లలో ఇచ్చిన వివరణ, కణజాలాలు నీరూ నూనెల్లా ప్రవర్తిస్తాయని, గట్టిగా అతుక్కునేవి లోపలికి చేరతాయని. కణాలను ఒకదానికొకటి అతికించే, క్యాల్షియం ఉంటేనే పట్టు నిలిచే క్యాడ్హెరిన్ ప్రొటీన్లను టకేయిచి అనే శాస్త్రవేత్త గుర్తించాక ఆ మాటకు ఆధారం దొరికింది. ఇద్దరూ కలిసి 1994లో, ఒకే రకం కణాల్లో ఒకే క్యాడ్హెరిన్‌ను ఎక్కువ తక్కువలుగా ఉంచి చూస్తే, ఎక్కువ ఉన్నవి లోపలికి చేరాయి. నీ వ్యాసానికి ఇదే గుండెకాయ.

అయినా అక్కడితో ముగించవద్దు. జీబ్రాచేప పిండకణాలపై 2008లో వచ్చిన పరిశోధనలో, అతుక్కునే గుణం తక్కువగా ఉన్న ఎక్టోడెర్మ్ (పిండం వెలుపలి పొర) కణాలే లోపలికి చేరాయి, ఎందుకంటే వాటి పొర కింద కణాన్ని బిగించే యాక్టిన్, మయోసిన్ ప్రొటీన్ల బిగువు ఎక్కువ. చక్కగా కుదిరిన సిద్ధాంతానికి ఎదురు నిలిచిన ఫలితాన్ని దాచకుండా చెప్పడం పాఠకుడికి మనమిచ్చే గౌరవం.

ఇక న్యూరల్ క్రెస్ట్ కణాలు, అంటే నాడీఫలకం అంచుల్లో పుట్టి పిండమంతా పాకే కణాలు, ‘వలస వెళ్తాయి’ అని వదిలేశావు. కోడి పిండం మొండెం భాగంలో అవి ప్రతి సోమైట్ (వెన్నుపాముకు రెండు పక్కలా వరుసగా ఉండే కణజాలపు దిమ్మె) ముందు సగం గుండానే సాగుతాయి. వెనక సగంలోని ఎఫ్రిన్లు అనే ప్రొటీన్లు వాటిని నెట్టివేస్తాయి. వెన్నుపాము పక్కన జ్ఞాననాడీ కణాల ముద్దలు ఎడమెడంగా వరుసకట్టడానికి కారణం అదే. ముందు ఆ వరుసను వర్ణించి, తర్వాత కారణం దాకా నడిపించి, ఆ భాగాన్ని తిరగరాసి పంపు.

నీ మేలు కోరే,
మాస్టారు