అక్రమ నిఘాకు సహకరించిన టెలికాం కంపెనీపై అమెరికాలో కేసు వేయవచ్చా?

వేయవచ్చు. వారంటు లేకుండా ఫోన్ సంభాషణలు, మెయిళ్లు ప్రభుత్వానికి అందిస్తే, నష్టపోయిన కస్టమర్ కంపెనీపైనే దావా వేసేందుకు అక్కడి వైర్‌ట్యాప్ చట్టం (సంభాషణలను దొంగచాటుగా వినడాన్ని నిషేధించే చట్టం) వీలిస్తుంది. "ప్రభుత్వం అడిగింది, ఇచ్చాం" అంటే సరిపోదు. కోర్టు ఉత్తర్వు గానీ, వారంటు అక్కర్లేదని అటార్నీ జనరల్ (ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) రాసిచ్చిన ధ్రువపత్రం గానీ చూపించాలి.

మరి ఇలాంటి కేసు నుంచి అమెరికా టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ ఎలా తప్పించుకుంది? అక్కడ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన మార్క్ క్లైన్ 2006లో ఒక గది గుట్టు బయటపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసులో ప్రభుత్వ నిఘా కోసం పెట్టిన 641ఎ నంబరు గది అది. ఫైబర్ కేబుల్‌లో వెళ్లే కాంతిని స్ప్లిటర్‌తో రెండుగా చీల్చి, ఒక పాయను ఆ గదిలోకి మళ్లించారు. అంటే అనుమానితులవే కాదు, ఆ తీగలో వెళ్లే అందరి డేటా నకలు అందులోకి చేరింది!

ఈ నిఘాపై ఏటీ అండ్ టీ మీద కస్టమర్లు వేసిన హెప్టింగ్ కేసును అదే ఏడాది కొట్టేయడానికి జడ్జి వాన్ వాకర్ ఒప్పుకోలేదు. అయితే 2008 జూలైలో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) విదేశీ గూఢచర్య నిఘాకు సంబంధించిన ఫైసా చట్టాన్ని సవరించి, 2001 సెప్టెంబరు 11 తర్వాత అధ్యక్షుడి అనుమతితో సాగిన నిఘాకు సహకరించిన కంపెనీలకు వెనకటి తేదీ నుంచే రక్షణ ఇచ్చింది. అటార్నీ జనరల్ ధ్రువీకరిస్తే చాలు, కేసు మూతపడుతుంది. 2009లో అలాగే జరిగింది. 2012లో సుప్రీంకోర్టు అప్పీలును విచారణకే తీసుకోలేదు.

నా దృష్టిలో ఇది ఘోరమైన అన్యాయం. క్వెస్ట్ అనే మరో టెలికాం కంపెనీ చట్టబద్ధమైన ఉత్తర్వు లేదని, కస్టమర్ల సమాచారం ఇవ్వనని అప్పట్లోనే చెప్పింది. కాబట్టి కాదనడం సాధ్యమే.