బండి తీసిన ప్రతిసారీ అదే మీట

జయపురం నుంచి ఒక పాఠకుడు: విజయనగరం వెళ్లేటప్పుడు సుంకి ఘాట్‌లో లారీల వెనక ఆగిన ప్రతిసారీ నా కారు ఇంజిన్ దానంతటదే ఆగిపోతోంది. బండి నిలిస్తే ఇంజిన్ ఆపి, కదిలేటప్పుడు మళ్లీ స్టార్టు చేసే ‘స్టార్ట్-స్టాప్’ సదుపాయం పని ఇది. దాన్ని ఆపే మీట నొక్కితే ఆ బాధ తప్పుతుంది గానీ, మర్నాడు బండి తీస్తే మళ్లీ మొదటికే. బరంపురంలో ఒక దుకాణంవారు స్టీరింగ్ కింద గుచ్చే చిన్న పరికరం పెడితే ఆ సదుపాయమే శాశ్వతంగా ఆగిపోతుందంటున్నారు. పెట్టించుకోవచ్చా?

వద్దు. రాయగడ, పర్లాకిమిడి పాఠకులకూ ఇదే జవాబు.

మీట మతిమరుపు అమాయకమైనది కాదు. కారు అమ్మకానికి రాకముందు జరిగే మైలేజీ, పొగ పరీక్షలప్పుడు ఈ సదుపాయం పనిచేస్తూ ఉంటుంది. మీరు ఒక్కసారి మీట నొక్కితే ఇక ఎప్పటికీ ఆగిపోయేటట్టయితే కాగితం మీది అంకె నిలవదు. రేడియో స్టేషన్లన్నీ గుర్తుపెట్టుకునే కారుకు ఈ ఒక్కటీ గుర్తుండదంటే ఎవరి లెక్క కోసమో అర్థమవుతూనే ఉంది.

ఆ కోపంతో పరికరం కొనకండి. స్టీరింగ్ కిందున్న 16 పిన్నుల సాకెట్టు మెకానిక్ లోపాలు చదవడానికి పెట్టింది. దాని వెనకే కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగలున్నాయి. ఆ మాటలు సాగేది 1980లలో రూపొందిన క్యాన్ (CAN) అనే పద్ధతిలో. అందులో, సందేశం పంపింది ఎవరని అడిగే ఏర్పాటు లేదు. తీగ మీదికి వచ్చిన మాటను నమ్మడమే. కొన్ని కొత్త కార్లలో సాకెట్టుకూ ఆ తీగలకూ మధ్యన కాపలా ఉంటుంది. మీ కారులో ఉందో లేదో దుకాణదారు చూడడు. ఇక చవక పరికరాల్లో బ్లూటూత్ ఉంటే దాని రహస్య సంఖ్య చాలాసార్లు 1234. పక్కన ఆగిన వాడెవడైనా ఊహించగలడు.

2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఇంట్లో కూర్చుని, హైవే మీద పోతున్న కారును ఇంటర్నెట్ ద్వారా లొంగదీశారు. ఆ దెబ్బకు 14 లక్షల బండ్ల సాఫ్ట్‌వేర్ సరిచేయాల్సి వచ్చింది. వాళ్లు కారులోని మొబైల్ కనెక్షన్ గుండా దారి వెతుక్కోవలసి వచ్చింది. మనమో, దారిని డబ్బిచ్చి కొని మరీ గుచ్చుకుంటున్నాం! పైగా బండి ఆపి ఉంచినా ఆ పరికరం బ్యాటరీని తాగుతూనే ఉండవచ్చు.

బానెట్ స్విచ్ తీగ పీకే మెకానిక్‌లూ ఉన్నారు. కారు బానెట్ తెరిచి ఉందనుకుని ఇంజిన్ ఆపడం మానేస్తుంది, నిజమే. కొన్ని కార్లలో దొంగల అలారం కూడా ఆ స్విచ్‌నే నమ్ముకుని ఉంటుంది. బ్యాటరీ సెన్సర్ పీకితే ఛార్జింగ్ లెక్కే తప్పుతుంది. అన్నట్టు, ఈ కార్లకు మామూలు బ్యాటరీ వేయించి, ఆరు నెలలకే పోయిందని నాకు రాయకండి. పదేపదే స్టార్టు కావడాన్ని తట్టుకునే రకం వేరే ఉంది.

ముందు స్క్రీన్ మెనూలో ఆపే వీలుందేమో చూడండి, కొన్ని బండ్లలో ఉంటుంది. లేకపోతే సీటు బెల్టు పెట్టుకున్న చేత్తోనే మీట నొక్కండి. మీది మాన్యువల్ గేర్ల బండి అయితే, ఘాట్‌లో కాసేపటి ఆగుడికి న్యూట్రల్‌కు పోకుండా క్లచ్ తొక్కే ఉంచండి, ఇంజిన్ ఆగదు. లారీ చెడి దారి మూసుకుపోతే మాత్రం హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ మీరే ఆపేయండి.