చెప్పని ప్రేమే గొప్పదా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది తెనాలి. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. ఆడపిల్లల మీద నాకు ఆకర్షణ లేదు, మగవాళ్ల మీదే ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ కొన్నాళ్లు నా దగ్గరే ఉంది. అప్పుడు ఇద్దరం కలిసి 'ది అన్‌టేమ్డ్' అనే చైనా డ్రామా మొత్తం చూశాం. అమ్మకు ఇంగ్లిషు రాదు కనుక తెర మీద కింద వచ్చే మాటలు నేనే తెలుగులో చెప్పేవాణ్ణి. కొన్నిచోట్ల చెప్పకుండా దాటేశాను. ఆ ఇద్దరు కథానాయకులూ అమ్మకు తెగ నచ్చేశారు. "సొంత అన్నదమ్ములు కూడా ఇలా ఉండరురా" అంది. నాకు మాత్రం అది ప్రేమకథే. ఒక స్నేహితుడు అదంతా నా ఊహ అంటున్నాడు. నిజంగా ఊహేనా? ఒక్కసారైనా ప్రేమిస్తున్నానని అనకుండా 50 భాగాలు సాగిన ఆ బంధం చూశాక, పైకి చెప్పుకునే ప్రేమ కన్నా ఇదే గొప్పదేమో అనిపిస్తోంది. దసరా తర్వాత సంబంధాలు చూస్తామని నాన్న అంటున్నారు. వాళ్లు చూపిన అమ్మాయిని చేసుకుని, మనసులోది మనసులోనే ఉంచుకుని బతకలేనా? లేక అమ్మకు చెప్పేయనా? ఆ ఇద్దరినీ అంత ఇష్టపడింది కదా, నన్ను అర్థం చేసుకోదా? విశాఖలో ఉన్న అక్కకు నేనంటే ప్రాణం. తనకూ ఇంకా చెప్పలేదు.
– ఒక పాఠకుడు

జవాబు: మీది ఊహ కాదు. ఆ డ్రామాకు ఆధారమైన, మోషియాంగ్ టోంగ్‌షియు అనే రచయిత్రి రాసిన నవలలో వెయ్ ఊషియెన్, లాన్ వాంగ్జీ ప్రేమికులు. చివరికి జీవిత భాగస్వాములవుతారు. 2019లో టెన్సెంట్ అనే చైనా వీడియో వేదిక మీద వచ్చిన డ్రామాలో ముద్దులు, ప్రేమ మాటలు, పెళ్లి ప్రస్తావన తీసేశారు. కానీ తీసిన చోటును ఖాళీగా వదల్లేదు. చలిగుహలో లాన్ వాంగ్జీ తన నుదుటి పట్టీ విప్పి రెండో అతని మణికట్టుకు చుట్టే సన్నివేశం మీకు గుర్తుండే ఉంటుంది. లాన్ వంశంలో ఆ పట్టీని సొంతవాళ్లు తప్ప ఎవరూ తాకకూడదు. గాయపడి సొమ్మసిల్లుతున్న వెయ్ ఊషియెన్, లాన్ వాంగ్జీ తన కోసం పాడిన పాట పేరేమిటని అడిగినప్పుడు లాన్ వాంగ్జీ పెదవులు కదులుతాయి, మాట మాత్రం వినపడదు. నవల చదివినవాళ్లకు ఆ పేరు తెలుసు. ఇద్దరి పేర్లలోంచి చెరో అక్షరం తీసి కలిపిన పేరది. వినిపించకూడని మాటను కళ్లకు కనిపించేలా వదిలిపెట్టారు.

మీ స్నేహితుడిదీ తప్పు కాదు. స్నేహమే చూడాలనుకున్నవారికి స్నేహం, ప్రేమ చూడగలిగినవారికి ప్రేమ కనిపించేలా ఆ డ్రామాను కావాలనే అలా తీశారు. అలా తీస్తేనే అది జనం ముందుకు రాగలిగింది. మీ అమ్మగారి సంగతికి వచ్చినప్పుడు ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

అంత దాపరికం ఎందుకో తెలియకపోతే, దాన్ని గొప్పదనం అనుకోవడం సులువు. చైనాలో ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకోవడం నేరం కాదు. ఏ శిక్షాస్మృతి కింద వాళ్లను పట్టుకునేవారో దానిని 1997లో మార్చారు. 2001లో మానసిక రుగ్మతల జాబితా నుంచీ తీసేశారు. కానీ తెర మీద సంగతి వేరు. 2015 చివర్లో టీవీ డ్రామాల నిర్మాతల సంఘం ఒక నిబంధనావళి తెచ్చింది. అందులో 'అసహజ లైంగిక సంబంధాలు' చూపకూడదని చెప్పి, స్వలింగ ప్రేమనూ అదే వరుసలో పెట్టింది. 2017లో ఇంటర్నెట్ కార్యక్రమాలకూ అలాంటి నిబంధనే వచ్చింది. ఈ రెంటి మధ్య కాలంలోనే 'అడిక్టెడ్' అనే వెబ్ డ్రామా పని పట్టారు. ఇద్దరు హైస్కూల్ కుర్రాళ్ల ప్రేమను దాచకుండా చూపిన డ్రామా అది. 2016 ఫిబ్రవరిలో, 15 భాగాల్లో 12 వచ్చాక, చైనా వేదికల నుంచి మాయమైపోయింది. అందులో నటించిన ఇద్దరూ ఆ తర్వాత కలిసి ఒక వేదిక మీద కనిపించకుండా కట్టడి చేశారు.

అప్పటి నుంచి నిర్మాతలు నేర్చుకున్న దారే మీరు చూసింది. ప్రేమికులను ప్రాణస్నేహితులుగా మార్చాలి, మిగతాదంతా చూపులకు, వస్తువులకు, పాటలకు అప్పగించాలి. 'సామ్యవాద సోదరభావం' అని అక్కడి ప్రేక్షకులే దీనికో పేరు పెట్టుకున్నారు. 2018లో వచ్చిన 'గార్డియన్' అనే డ్రామాకు రెండు కత్తిరింపులు పడ్డాయి. మూఢనమ్మకాలూ కుదరవు కనుక నవలలోని దెయ్యాల లోకం గ్రహాంతరవాసుల లోకమైంది, ప్రేమికులు స్నేహితులయ్యారు. నవలలో కలిసి బతికిన ఇద్దరూ డ్రామా చివర్లో ప్రాణాలు వదులుతారు. ఇంత మార్చినా ఆ వేసవిలోనే దాన్ని వేదిక నుంచి తీసేసి, కొన్నాళ్లకు మళ్లీ కత్తిరించి పెట్టారు. నిబంధన మాటలు ఎంత అస్పష్టంగా ఉంటే భయం అంత పెరుగుతుంది. ఎక్కడ గీత ఉందో తెలియనప్పుడు ప్రతి ఒక్కరూ ఆ గీతకు పది అడుగుల ముందే ఆగిపోతారు. అధికారి అడగక ముందే రచయిత తీసేస్తాడు, రచయిత వదిలింది దర్శకుడు, దర్శకుడు వదిలింది వేదిక తీసేస్తారు.

అలా తీయగా మిగిలినదాంట్లో అందం ఉంది, ఒప్పుకుంటాను. చేతిలో ఏమీ లేనప్పుడు ఒక్క చూపుతో అంత చెప్పడం మామూలు నటులకు, దర్శకులకు చేతకాదు. కానీ ఆ మౌనాన్ని వాళ్లు కోరుకున్నారా? 'వర్డ్ ఆఫ్ ఆనర్' అనే డ్రామా చూసి ఉంటే మీకు తెలుస్తుంది. 2021 ఫిబ్రవరిలో వచ్చింది. చైనా డ్రామాల్లో చాలావాటికి మాటలు తర్వాత వేరేవారితో చెప్పిస్తారు. ఈ డ్రామాలో వినిపించే మాటకూ, నటుల పెదవుల మీద కదిలే మాటకూ పొంతన లేని చోట్లు అభిమానులు పట్టుకున్నారు. షూటింగ్‌లో పలికిన మాట ఒకటి, అనుమతి కోసం దాని మీద పరిచిన మాట మరొకటి. చివరి భాగం చూస్తే ఇద్దరిలో ఒకడు లేడేమోనని గుండె గుభేలుమంటుంది. తర్వాత విడిగా వదిలిన చిన్న ముక్కలో మంచుకొండ మీద ఇద్దరూ బతికే కనిపిస్తారు. ఈ శ్రమంతా దేనికి? చెప్పకపోవడమే గొప్పదని నమ్మినవాళ్లు పెదవులను అలా వదిలేయరు. మీరు మౌనమనుకుని మురిసిపోయిన ప్రతి సంకేతమూ వాళ్లు గొంతు విప్పడానికి చేసిన ప్రయత్నమే.

ఆ ప్రయత్నానికీ చోటు తగ్గిపోయింది. 2021 సెప్టెంబరులో ప్రసార నియంత్రణ సంస్థ ఆడంగి పోకడల మగవాళ్లను తెర మీద చూపవద్దని నోటీసు ఇచ్చింది. ఇలాంటి నవలల ఆధారంగా తీసిన డ్రామాలు ఆగిపోయాయి. షూటింగ్ పూర్తయిన 'ఇమ్మోర్టాలిటీ' లాంటివి ఏళ్ల తరబడి మూలన పడ్డాయి. 2018లో అన్‌హుయ్ రాష్ట్రంలో టియాన్‌యి అనే కలం పేరుతో రాసే ఒక రచయిత్రికి, మగవాళ్ల ప్రేమ, శృంగారం రాసిన పుస్తకం అచ్చువేసి అమ్మినందుకు పదిన్నరేళ్ల జైలుశిక్ష పడింది. ఆ పదిన్నరేళ్లను కూడా లెక్కలో వేసుకుని, ఈ దాపరికం అందంగా ఉందని అనగలరేమో ఆలోచించండి. అదే ఏడాది ఏప్రిల్‌లో వెయ్‌బో అనే చైనా సోషల్ మీడియా సంస్థ స్వలింగ ప్రేమకు సంబంధించినవన్నీ తొలగిస్తామని ప్రకటిస్తే, 'నేను గేని' అంటూ వేలమంది రాశారు. మూడు రోజుల్లో ఆ సంస్థ వెనక్కి తగ్గింది. అక్కడి జనానికి కూడా మౌనం అంత ప్రియమైనది కాదు.

ఇక మీ పెళ్లి మాట. మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. మీరున్నారు, అమ్మ, నాన్న, అక్క, స్నేహితుడు ఉన్నారు. మీరు చేసుకోబోయే అమ్మాయి 'వాళ్లు చూపిన అమ్మాయి' అన్న ఒక్క మాటలో వచ్చి వెళ్లిపోయింది. మీ మౌనంలో మీకు మీ ప్రేమ తోడుంటుంది, ఆమెకు ఏం ఉంటుంది? చైనాలో ఇలా కుటుంబం కోసం పెళ్లి చేసుకున్న గే పురుషుల భార్యలకు 'టోంగ్‌చీ' అని ఒక పేరే పుట్టింది. తనలోనే ఏదో లోపముందని ఏళ్ల తరబడి కుమిలిపోయిన స్త్రీలు వాళ్లు. మన దగ్గర అలాంటి స్త్రీలకు పేరు లేదు కానీ, వాళ్లు లేక కాదు. ఈ పని మీరు చేయకూడదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఎప్పుడైనా నిర్ణయించుకోవచ్చు. సంబంధాలు చూడవద్దని చెప్పడం మాత్రం ఈ వారంలోనే జరగాలి. కారణం అంతా చెప్పనవసరం లేదు. "నాకు పెళ్లి చేసుకునే ఉద్దేశం లేదు, మీరు ఎవరికీ మాట ఇవ్వకండి" అంటే చాలు. వచ్చే ఏడాది చూద్దామని మాత్రం అనకండి. ఆ ఆశతో వాళ్లు ఏ ఇంటికో మాట ఇచ్చేస్తారు.

మీరు రాసిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. "కొన్నిచోట్ల చెప్పకుండా దాటేశాను." అక్కడ అధికారి ఎవరూ లేరు, అమ్మ మీకు నిబంధనలేవీ పెట్టలేదు. అయినా గీతకు పది అడుగుల ముందే ఆగిపోయారు. తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మీ వయసు వచ్చేదాకా ఏయే మాటలు విన్నారో, ఏ వెటకారాలకు నవ్వినట్టు నటించాల్సి వచ్చిందో, అవన్నీ కలిసి మీ చేత ఆ పని చేయించాయి. కానీ దానివల్ల ఒక చిక్కు వచ్చింది. అమ్మగారు ఇష్టపడిన కథ ఒకసారి చైనాలో, రెండోసారి మీ సోఫాలో కత్తిరింపు పడిన కథ. ఆమె 'అన్నదమ్ములు' అన్నారంటే, అలా అనిపించడానికే తీసిన డ్రామాను, అలాగే అనిపించేలా మీరు వినిపించారు. కాబట్టి ఆ ఇష్టాన్ని మీకు దొరికిన అంగీకారం అనుకోకండి. చెప్పిన రోజు ఆమె ఏడిస్తే, కోప్పడితే, మీకు అది నమ్మకద్రోహంలా తోస్తుంది. ఆమె మాత్రం మీకు ఏ మాటా ఇవ్వలేదు.

అలాగని ఆ ఇష్టానికి విలువ లేకపోలేదు. ఇద్దరు మగవాళ్ల మధ్య అంత ఆర్ద్రతను చూసి ఆమె ముఖం తిప్పుకోలేదు. ఈసారి తెనాలి వెళ్లినప్పుడు ఆ చలిగుహ భాగం మళ్లీ పెట్టండి. ఒక్క మాట వదలకుండా చెప్పండి. నుదుటి పట్టీ సంగతి చెప్పండి. అసలు నవలలో వాళ్లు దంపతులని, అక్కడి నిబంధనల వల్ల మార్చారని మామూలుగా చెప్పి, ఆమె ఏమంటారో వినండి. అప్పుడే మీ సంగతి ఎత్తకండి. ఆమె "ఛీ" అనవచ్చు, "అలాగా" అని ఊరుకోవచ్చు, పదిరోజుల తర్వాత ఏదైనా అడగవచ్చు. ఏది జరిగినా మీరు నిలుచున్న చోటు ఏమిటో మీకు కొంత తెలుస్తుంది.

మీ సంగతి మొదట చెప్పాల్సింది అక్కకు. ఫోనులో కాకుండా విశాఖ వెళ్లి, పిల్లలు నిద్రపోయాక, తీరిగ్గా కూర్చుని చెప్పండి. అమ్మకు చెప్పే రోజున ఆమె మీ పక్కన ఉంటే మీ ఇద్దరికీ మేలు. మీకూ ఒకరు, అమ్మకూ ఒకరు ఉండాలి. పండగ రోజున, బంధువుల మధ్య, పెళ్లిచూపుల గొడవలో కోపం వచ్చి మాత్రం చెప్పకండి. మీకు ఉద్యోగం ఉంది, వేరే ఊళ్లో ఇల్లు ఉంది. చెప్పాక రెండు రోజులు ఎడంగా ఉండాల్సి వస్తే తిరిగి వెళ్లే చోటు ఉందన్నమాట. ఇది చిన్న విషయమేమీ కాదు. అది లేనివాళ్లకు నేను ఇదే సలహా ఇవ్వను.

నాన్నగారు డాక్టరు దగ్గరికో, ఎవరో స్వామి దగ్గరికో తీసుకువెళతానని అనవచ్చు. ఇది జబ్బు కాదని భారతీయ మానసిక వైద్యుల సంఘం 2018లో చెప్పింది. దీన్ని 'నయం' చేస్తామనే చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో ఇది నేరమూ కాకుండా పోయింది. పెళ్లి హక్కు మాత్రం 2023 తీర్పులో దక్కలేదు. ఆయన అడిగితే అది కూడా దాచకుండా చెప్పండి. అమ్మకు ముందు కాలం ఇవ్వండి. మీకు ఈ విషయం మింగుడుపడటానికి పట్టిన ఏళ్లు గుర్తుంచుకుంటే, ఆమెను రెండు వారాల్లో ఒప్పుకోమనలేరు.

ఈలోగా రాత్రులు నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనవసరం లేదు. అక్కతో మాట్లాడాక ఆమె ఏమన్నారో వీలైతే నాకు రాయండి. అమ్మకు ఎప్పుడు చెప్పాలో, నాన్నకు ఎవరు చెప్పాలో అప్పుడు చూద్దాం.