పాత డబుల్ బ్యారెల్ షాట్‌గన్‌ను బాగు చేయించడానికి ఎంత ఖర్చవుతుంది?

అమెరికాలో ఉన్న మీ చేతికి పెద్దల నుంచి ఫాక్స్ స్టెర్లింగ్‌వర్త్ 12 గేజ్ అనే పాత రెండు గొట్టాల తుపాకీ వచ్చిందనీ, దాన్ని కొత్తదానిలా చేయించాలంటే ఎంతవుతుందనీ అడిగారు. కొత్తదానిలా అంటే తుపాకీ ఖరీదుకు రెండు మూడు రెట్లు అవుతుంది. నిర్భయంగా పేల్చుకునేలా చేయించడానికి మాత్రం అందులో కొద్ది భాగం చాలు. పెన్సిల్వేనియాలో నేను ఇదే మోడల్‌ను బాగు చేయించుకున్నాను. కింది ధరలు అప్పుడు మా చుట్టుపక్కల గన్‌స్మిత్‌లు, అంటే తుపాకులు బాగుచేసేవాళ్ళు, నాకు చెప్పినవి.

గొట్టాలకు మళ్ళీ నీలి రంగు పట్టించడానికి సుమారు 500 డాలర్లు. గొట్టాలూ కర్రా అమరే లోహపు ఫ్రేముకు ఎముకల బొగ్గుతో కేస్ హార్డెనింగ్ (పైపొరను గట్టిపరచడం) చేసి రంగులు రప్పించడానికి మరో 500. కర్ర మీద అరిగిన చెకరింగ్ గళ్ళు తిరిగి చెక్కడానికి 300, కర్ర పాలిష్‌కు 400. కర్ర పగిలిపోయి కొత్త వాల్‌నట్ కర్ర అమర్చాల్సి వస్తే 2,000 పైమాటే. మామూలు స్థితిలో ఉన్న స్టెర్లింగ్‌వర్త్ అప్పట్లో 600 నుంచి 1,000 డాలర్లకు దొరికేది. పైగా అసలు పూత చెరిపేసిన తుపాకీకి పాత తుపాకులు సేకరించేవాళ్ళు తక్కువే ఇస్తారు.

అందుకే ముందు గొట్టాలను కొలిపించండి. దీనికయ్యేది చిన్న మొత్తం, కానీ ప్రాణానికి సంబంధించినది. గోడ మందం ఎక్కడైనా 0.020 అంగుళం కంటే తగ్గితే ఆ తుపాకీని నేను పేల్చను. తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్, పొడవు కూడా చూపించండి. ఆ కాలపు తుపాకులు చాలావాటిలో అది నేటి 2¾ అంగుళాల తూటాకు సరిపోదు. తూటా లోపల ఇమిడినట్టే ఉంటుంది, కానీ పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. ఛాంబర్‌ను తొలిపించడం కంటే పొట్టి తూటాలు, తక్కువ ఒత్తిడివి కొనుక్కోవడమే నాకు నచ్చిన దారి.

కొన్ని పరీక్షలు ఇంట్లోనే చేయవచ్చు. తుపాకీ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని గొట్టాలు విడదీయండి. కింది కొక్కెం వేలికి తగిలించి వేలాడదీసి, కణుపుతో తట్టండి. గుడిగంటలా ఖంగుమని మోగితే రెండు గొట్టాల మధ్య పట్టీ గట్టిగా అతుక్కుని ఉన్నట్టే. బొంగురుగా మోగితే టంకం ఊడుతోందన్నమాట. తర్వాత తుపాకీని బిగించి పై మీట చూడండి. ఫాక్స్ గొళ్ళెం అరిగేకొద్దీ తనంతట తానే మరింత లోపలికి తిరిగి బిగుసుకునే రకం. మీట మధ్యగీతకు కుడివైపు ఆగితే అరుగుదల తక్కువ. ఎడమకు దాటితే పని ఉంది. గొట్టాల కింద ముందు చేత్తో పట్టుకునే కర్ర (ఫోర్‌ఎండ్) తీసేసి, మూసిన గొట్టాలను పక్కకు ఊపినప్పుడు కదిలితే కీలు బిగించాలి. నా తుపాకీలో నేను ఎక్కువ డబ్బు ఖర్చుపెట్టింది ఈ బిగింపు మీదే, దాని గురించి ఈ రోజుకూ సంతోషిస్తాను.

కర్ర నల్లబడి ఉంటే పాతదైపోయిందని పారేయకండి. దశాబ్దాల పాటు తుపాకీని నిలబెట్టి దాచడం వల్ల లోహానికి పూసిన నూనె కిందికి దిగి కర్రలో ఇంకుతుంది. ఎసిటోన్‌లో సుద్దపొడి కలిపి పట్టు వేసి, ఆరాక దులిపి మళ్ళీ వేస్తూ పోతే ఆ నూనె బయటికి వస్తుంది. నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట చేయాలి. ఖర్చు నామమాత్రం, ఫలితం చూసి మీరే ఆశ్చర్యపోతారు.

గొట్టాలకు రంగు వేయించక తప్పదనుకుంటే గన్‌స్మిత్‌ను ఒక్క మాట అడగండి: తుప్పు పట్టించి, మరిగించి, రుద్ది, రోజుల తరబడి చేసే పాత పద్ధతేనా? హాట్ బ్లూయింగ్ తొట్టిలో ముంచుతానంటే తుపాకీ తీసుకుని వచ్చేయండి. అందులోని క్షారం పట్టీని అంటించిన టంకాన్ని తినేస్తుంది, సందుల్లో మిగిలిపోయి తర్వాత లోలోపల తుప్పు పట్టిస్తుంది.

మీలాగే కొందరికి ఆంధ్ర, తెలంగాణ ఇళ్ళలో తాతల నాటి తుపాకులు ఉంటాయి. అక్కడ మొదటి పని లైసెన్సును వారసుడి పేరు మీదికి తెచ్చుకోవడం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు చేసేవారికీ లైసెన్సు ఉండాలి కాబట్టి, ఎంత నేర్పున్న కమ్మరికైనా ఇవ్వకూడదు.