వెనకటి తిండి వల్లే ముసలివాళ్లు అన్నేళ్లు బతుకుతున్నారా?

మీ పల్లెలో ఎనభై, తొంభై దాటినవాళ్లు వాడకొకరు కనిపిస్తున్నారనీ, అది జొన్నగట్క (జొన్నరవ్వతో వండే సంకటి) మహిమేనా అనీ, అంత పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఏం జాగ్రత్తలు తీసుకోవాలనీ అడిగారు. మాదీ నల్లగొండ జిల్లానే, దేవరకొండ దగ్గర. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా నాయనమ్మను అవ్వ అంటాం. ఆమె వయసు ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆధార్‌లో 88 అని ఉంది. కానీ "రజాకార్లొచ్చిననాడు మీ పెద్దనాయనను సంకనేసుకొని జొన్నచేన్ల దాసుకున్న" అంటుంది. అంటే 1948 పోలీసు చర్యకు ముందు మాట. ఆ లెక్కన 93కు తక్కువ ఉండదు.

గట్క తిన్న మాట నిజమే, అది మంచి తిండే. అయితే ఒకరోజు మధ్యాహ్నం ఆమెను ఎన్ని కాన్పులని అడిగాను. నులక మంచం మీద కూర్చొని, బొటనవేలితో వేళ్ల కణుపులు ముట్టుకుంటూ పది లెక్కపెట్టింది. కొన్ని కణుపుల దగ్గర ఆగేది. "గీడు గత్తరల పోయిండు. గిది పురిట్లనే. గీనికి అమ్మవారు పోసింది." గత్తరంటే కలరా, అమ్మవారంటే మశూచి. మిగిలింది నలుగురు. పోయిన ఆరుగురూ అదే ఇంట్లో పుట్టి, అదే గట్క తిన్న తల్లి పాలు తాగినవాళ్లే. ఇవాళ మన కళ్లకు అవ్వ ఒక్కతే కనిపిస్తుంది కాబట్టి తిండి మహిమ అనుకుంటాం.

స్వాతంత్య్రం వచ్చిననాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. ఇప్పుడు దాదాపు 70. అప్పుడంతా 32కే పోయేవారని దీనర్థం కాదు. ఒకరు ఏడాది నిండగానే పోయి, ఇంకొకరు 81 ఏళ్లు బతికితే ఇద్దరి సగటు 41. పసిపిల్లల చావులే సగటును అంతగా కిందికి లాగేవి. మశూచి మన దేశంలో 1975తో ఆగింది. గర్భిణులకు టీకాలు, దవాఖాన కాన్పులు వచ్చాక, కొడవలితో బొడ్డు కోస్తే వచ్చే ధనుర్వాతం తగ్గిపోయింది. విరేచనాలు పట్టుకున్న పిల్లలను ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు కాపాడాయి. అలా బతికి బట్టకట్టినవాళ్లే ఇప్పుడు పెద్దవాళ్లవుతున్నారు. వాళ్లను బీపీ గోలీలు, శుక్లాల ఆపరేషన్లు ఇంకొంత దూరం తీసుకెళ్తున్నాయి. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో ఎనభై దాటినవాళ్లు కోటికి పైనే.

అయితే ఎక్కువేళ్లు బతకడం ఒకటి, బాగా బతకడం ఒకటి. అవ్వ చెల్లెలిని మర్రిగూడ వైపు ఇచ్చారు. ఆ బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి, ఆమె యాభై దాటకముందే నడుము వంగిపోయింది. ఆ తర్వాత 30 ఏళ్లు బతికింది, నేలను చూస్తూనే. మనిషి ఎదురొస్తే ముందు కాళ్లను బట్టి గుర్తుపట్టేది. ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు అందేసరికి ఆమె తరానికి ఆలస్యమైపోయింది. ఎవరైనా "నూరేళ్లు బతకాలి" అని దీవిస్తే నాకు ఆ చిన్నవ్వే గుర్తొస్తుంది.

మా అవ్వ విషయంలో మేం చేసిన తప్పు చెబుతాను. బీపీ చూపించాం, షుగర్ చూపించాం, గడప సంగతి పట్టించుకోలేదు. రెండేళ్ల కిందట రాత్రి ఒంటికి పోదామని లేచింది. బుగ్గ (బల్బు) వేస్తే మా నిద్ర చెడుతుందని చీకట్లోనే నడిచింది. గడప తగిలి పడింది, తుంటి ఎముక విరిగింది. "ఈ వయసుల కోతలెందుకు, పండబెట్టుండ్రి" అన్నారు చుట్టాలు. పడుకోబెడితే ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి, ఎంత త్వరగా లేపితే అంత మంచిదని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేయించాం. రెండో రోజే వాకర్ పట్టుకొని నిలబడింది. చెయ్యలేని పరిస్థితి ఉంటే వేరు కానీ, వయసొక్కటే చూసి వద్దనకండి.

కాబట్టి మీరు ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ల మంచం నుంచి బాత్రూం దాకా రాత్రిపూట నడిచి చూడండి. రాత్రంతా వెలిగే చిన్న బుగ్గ, గోడకు పట్టుకునే రాడ్, కింద జారే గోనెపట్టాలు తీసేయడం, మంచం పక్కనే కుర్చీ కమోడ్. వీటి ఖర్చు ఆపరేషన్ ముందు ఏపాటిది! వాడే గోలీలన్నీ ఒక సంచిలో వేసి ఒకే డాక్టరుకు చూపించండి. నిద్రగోలీలు, కొన్ని బీపీ గోలీలు లేవగానే కళ్లు తిరిగేలా చేస్తాయి. చారన్నంతో సరిపెట్టకుండా పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. మంచం పట్టినవాళ్లయితే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి.

ఆ తిప్పేదెవరన్నదే అసలు కష్టం. మా అమ్మకు 68, మోకాళ్లు అరిగాయి. కోడలు కూడా ముసలిదైంది. నారాయణపేట వైపు ఇచ్చిన మా మేనత్త కొడుకులు బొంబాయిలో కూలి పనికి పోయారు. 70 దాటిన మేనత్త తొంభై దాటిన అత్తను చూసుకుంటోంది. ఆసరా పేరుతో మొదలైన సర్కారు పింఛనే ఆ ఇంటికి చేతికందే పైకం.

భూమి పంచేటప్పుడు కూడా తొందరపడకండి. పిల్లల పేర రాసేముందు పోషణ చూడాలన్న షరతు దస్తావేజులో రాయించండి. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం ప్రకారం ఆ షరతు తప్పితే ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ రాతను రద్దు చేయించవచ్చు. దారి తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.

మేం ముగ్గురం అన్నదమ్ములం హైదరాబాద్‌లో ఉంటాం. ఇప్పుడు ప్రతి శనివారం ఒకరం వంతులవారీగా ఊరికి పోయి అవ్వ పక్కన పడుకుంటున్నాం. ఆ ఒక్క రాత్రి అమ్మ పక్క గదిలో తలుపు వేసుకొని తెల్లారేదాకా నిద్రపోతుంది.