మూలుగ ఇస్తే నడుం పడిపోతుందా?

రక్త మూలకణాలపై విశాఖ, మన్యం పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గాజువాక నుంచి ఒక తల్లి: మా అబ్బాయికి 22 ఏళ్లు. కాలేజీలో శిబిరం పెట్టినప్పుడు బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దించుకుని పేరు నమోదు చేయించుకున్నాడు. ఇప్పుడు రిజిస్ట్రీ (దాతల పేర్లు నమోదుచేసే సంస్థ) వాళ్లు ఫోన్ చేసి, ఎవరో రోగికి సరిపోయావు, మూలకణాలు ఇస్తావా అంటున్నారు. ఎముకలోంచి మూలుగ తోడేస్తారనీ, నడుం పడిపోతుందనీ చుట్టాలంతా బెదరగొడుతున్నారు. పంపొచ్చా?

నడుం పడిపోదమ్మా. వెన్నుపాము వేరు, మూలుగ వేరు. ఈ రెండింటినీ ఒకటనుకోవడం వల్లే సగం భయం. పైగా ఇప్పుడు ఎక్కువమంది దాతల విషయంలో ఎముక జోలికే పోరు. రక్తకణాలకు పుట్టుకనిచ్చే మూలకణాలను మందుతో మూలుగలోంచి రక్తంలోకి రప్పించి, ప్లేట్‌లెట్లు తీసే యంత్రం లాంటిదానితోనే చేతి నరంలోంచి తీసుకుంటారు.

ముందు మరోసారి రక్తం తీసి హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండి, సొంతవో పరాయివో ఒంటికి తెలిపే గుర్తులు) సరిపోలిందని ఖాయం చేసుకుంటారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు, రక్తకణాల లెక్క, ఈసీజీ చూస్తారు. అన్నీ బాగుంటే జీ-సీఎస్‌ఎఫ్ అనే ఇంజక్షన్ కిలో బరువుకు 10 మైక్రోగ్రాముల చొప్పున రోజూ చర్మం కింద ఇస్తారు, నాలుగైదు రోజులు. 60 కిలోల కుర్రాడికి రోజుకు 600 మైక్రోగ్రాములన్నమాట. రెండో మూడో రోజుకి నడుము, తొడ ఎముకలు, తల నొప్పి పెడతాయి. మూలుగలో కణాలు కిక్కిరిసిపోవడం వల్ల వచ్చే నొప్పి అది. మీవాళ్లు చెప్పే నడుంనొప్పికి మూలం ఇదే కావచ్చు; ఇంజక్షన్లు ఆపిన కొద్దిరోజుల్లో పోతుంది. పారాసిటమాల్ సరిపోతుంది. ఆస్పిరిన్ మాత్రం వద్దు, ఎందుకంటే యంత్రం మీద పడుకున్న రోజు ప్లేట్‌లెట్లు కూడా కొంత తగ్గుతాయి.

అయిదో రోజు రెండు చేతులకూ సూదులు పెట్టి నాలుగైదు గంటలు పడుకోబెడతారు. ఒక చేతిలోంచి రక్తం వెళ్తుంది, కావలసిన కణాలు సంచిలో చేరతాయి, మిగతాది రెండో చేతిలోంచి లోపలికి వచ్చేస్తుంది. మధ్యలో పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి పుడితే వెంటనే నర్సుకి చెప్పమనండి. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ ఒంట్లో కాల్షియాన్ని పట్టేసుకోవడమే కారణం. యంత్రం వేగం తగ్గించి కాల్షియం ఇస్తే సర్దుకుంటుంది. మొహమాటపడి ఊరుకుంటే కండరాలు పట్టేస్తాయి.

రోగి బరువులో కిలోకి 40, 50 లక్షల సీడీ34 కణాలు (ఆ గుర్తుతో పోల్చుకునే మూలకణాలు) లక్ష్యంగా పెట్టుకుంటారు; 20 లక్షల కంటే తగ్గితే కొత్త మూలుగ కుదురుకోవడం కష్టం. రోగి 60 కిలోలుంటే 30 కోట్ల కణాలు కావాలి. మొదటి రోజు చాలకపోతే రెండో రోజు మళ్లీ కూర్చోబెడతారు, అందులో కంగారు పడాల్సింది లేదు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది ప్లీహం (స్ప్లీన్) గురించి. ఇంజక్షన్ల వల్ల అది కొంచెం ఉబ్బుతుంది. చాలా అరుదుగా చిట్లిన సందర్భాలున్నాయి. అందుకే ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత ఒకటి రెండు వారాలూ కబడ్డీ, బరువులెత్తడం మానాలి. ఎడమవైపు డొక్కలో గానీ ఎడమ భుజంలో గానీ నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

కొందరు రోగులకు మూలుగే కావాలంటారు. అప్పుడు మత్తు ఇచ్చి, నడుము వెనక తుంటి ఎముకలోంచి సూదులతో తీస్తారు. దాత బరువులో కిలోకి 20 మి.లీ. మించరు. కొన్ని వారాల్లో మళ్లీ నిండిపోతుంది.

పంపాలా వద్దా అన్నది 22 ఏళ్లవాడు కాబట్టి అతనే తేల్చుకోవాలి. కాకపోతే ఆ తేల్చుకోవడం ఇప్పుడే జరగాలి. మార్పిడికి వారం ముందు నుంచి రోగి సొంత మూలుగను మందులతో తుడిచిపెట్టేస్తారు. ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే రోగి బతకడం కష్టం. మొహమాటానికి "సరే" అనడం కన్నా ఈరోజే "వద్దు" అనడం ఆ రోగికి మేలు: ఇంకో దాతను వెతుక్కునే వ్యవధి ఉంటుంది. ప్రపంచంలోని రిజిస్ట్రీలన్నీ కలిపి 4 కోట్లకు పైగా దాతల వివరాలను ఒకేచోట వెతికే ఏర్పాటు ఉంది. అయినా హెచ్‌ఎల్‌ఏ పోలిక జాతి, ప్రాంతాల్ని బట్టి నడుస్తుంది కాబట్టి మనవాళ్లకు సరిపోయేవాడు మనలోనే దొరికే అవకాశం ఎక్కువ.

మధురవాడ నుంచి ఒక గర్భవతి: బొడ్డుతాడు రక్తం దాచమని ఏజెంట్లు వెంటపడుతున్నారు. దాచాలా?

మామూలు కుటుంబాలకు అక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా ప్రైవేటుగా దాచుకోమని సిఫారసు చేయడం లేదు. పుట్టే బిడ్డకు తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు) ఉంటే ఆ రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. లుకేమియా వచ్చినా సొంత బొడ్డుతాడు రక్తం వాడటానికి వైద్యులు వెనకాడతారు, ఆ రోగపు బీజం పుట్టినప్పుడే అందులో ఉండవచ్చు కాబట్టి.

ఇంట్లో ఇప్పటికే తలసీమియా, సికిల్‌సెల్ ఉన్న పెద్దబిడ్డ ఉంటే మాత్రం లెక్క మారుతుంది. 1988లో ప్యారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం చేసిన మొట్టమొదటి బొడ్డుతాడు రక్త మార్పిడి అలాంటిదే. ఫాంకోని రక్తహీనత అనే జన్యుజబ్బు ఉన్న అబ్బాయికి చెల్లెలు పుట్టినప్పటి రక్తం ఎక్కించారు. దాన్ని అతిశీతలంలో ఉంచి నిల్వచేసింది అమెరికాలోని ఇండియానాలో హాల్ బ్రాక్స్‌మయర్ ల్యాబ్. ఆ సీసాలు సముద్రం దాటి వెళ్లాయి.

పాడేరు నుంచి ఒక తండ్రి: మా బాబుకి 7 ఏళ్లు, సికిల్‌సెల్ ఉంది. ఏడాదిలో మూడుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. పాపకి 11 ఏళ్లు, తనకి జబ్బు లేదు గానీ సగం లక్షణం ఉందన్నారు. జన్యువును సరిచేసే మందు వచ్చిందని పేపర్లో చదివాను. దానికోసం ఆగమంటారా?

ఆగకండి. ముందు పాపకీ బాబుకీ హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించండి. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఒక్కొక్కరు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. పాపకున్న సగం లక్షణం అడ్డు కాదు. అలాంటివాళ్లు దాతలుగా పనికొస్తారు. మీది మేనరికం అయితే తల్లిదండ్రుల్నీ, దగ్గరి బంధువుల్నీ కూడా పరీక్షించమనండి. మేనరికపు కుటుంబాల్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కాకుండా వేరేవాళ్లు పూర్తిగా కలవడం అప్పుడప్పుడూ చూస్తాం.

తోబుట్టువు మూలకణాలతో సికిల్‌సెల్ మార్పిడి ఫలితాలు ఎంత బాగుంటాయో ఏ ఒక్క ఆసుపత్రీ సొంతంగా చెప్పలేదు; ఒక్కోచోట జరిగేవి కొన్నే. చాలా దేశాల కేంద్రాలు తమ లెక్కలన్నీ కలిపి, 1,000 మంది వివరాలు 2017లో ప్రచురించాయి. అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు సుమారు 93 శాతం. వయసు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతూ వచ్చింది. మీ బాబుకి 7 ఏళ్లప్పుడే వెతకమనడానికి కారణం ఇదే.

ఈలోగా మూడు పనులు. హైడ్రాక్సీయూరియా డాక్టరు రాసిన మోతాదులో ఆపకుండా వాడండి. రక్తం ఎక్కించాల్సి వస్తే తెల్లకణాలు తీసేసిన రక్తం కావాలని అడగండి. మేనమామో చిన్నాన్నో రక్తం ఇస్తానని ముందుకొచ్చినా సున్నితంగా వద్దనండి. రక్తసంబంధీకుల రక్తం ఎక్కితే పిల్లాడి ఒళ్లు ఆ కుటుంబపు గుర్తుల మీద తిరగబడటం నేర్చుకుంటుంది. రేపు ఆ ఇంటివాళ్ల మూలకణాలే ఇచ్చినప్పుడు వాటిని తోసేయవచ్చు.

మీరు చదివిన జన్యుచికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి. బిడ్డ సొంత మూలకణాలు తీసి, బీసీఎల్11ఏ అనే జన్యువును అదుపుచేసే చోట కత్తిరించి, కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా చేస్తారు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. అందులోనూ మూలుగను తుడిచే మందు ఇవ్వక తప్పదు, అంటే మార్పిడిలో ఉండే కష్టం సగం ఉండనే ఉంటుంది. గాజువాక తల్లిగారికి చెప్పిన జీ-సీఎస్‌ఎఫ్ సికిల్‌సెల్ రోగికి ప్రమాదకరం, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అందుకే ఇక్కడ ప్లెరిక్సాఫర్ అనే వేరే మందు వాడతారు.

ఎంవీపీ కాలనీ నుంచి ఒక పరిశోధక విద్యార్థి: బొడ్డుతాడు రక్తంలోంచి సీడీ34 కణాలు వేరుచేస్తున్నాం. హైదరాబాద్‌లో మాతో కలిసి పనిచేసే ల్యాబ్‌కి అదే ప్రొటోకాల్‌తో రెట్టింపు వస్తున్నాయి. నమూనాలు మార్చుకున్నా లెక్కలు కలవడం లేదు. తప్పు ఎక్కడ?

మీ ప్రొటోకాల్ కాగితంలో సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని గిరగిరా తిప్పి పొరలుగా విడదీసే యంత్రం) వేగం ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో, రాసి ఉందా? ఉంటే తప్పు సగం అక్కడే దొరుకుతుంది. ఫైకాల్ (కణాల్ని సాంద్రతను బట్టి విడదీసే ద్రవం) మీద 400 జీ (భూమ్యాకర్షణకు 400 రెట్లు) కావాలంటే 17 సెం.మీ. వ్యాసార్థమున్న రోటర్‌కి 1,450 ఆర్‌పీఎం చాలు, 10 సెం.మీ. రోటర్‌కి 1,890 కావాలి. చిన్న రోటర్ మీద 1,450 పెడితే మీకొచ్చేది 235 జీ మాత్రమే. ఒకే అంకె, రెండు వేర్వేరు ప్రయోగాలు. ఇకనుంచి జీలోనే రాసుకోండి.

తర్వాత బ్రేక్. 30 నిమిషాలు తిప్పాక బ్రేక్ పడితే పొర చెదిరిపోతుంది. దాన్ని సున్నాకి పెట్టాలి. ఉష్ణోగ్రత కూడా చూడండి. రక్తం, ఫైకాల్ రెండూ 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వాడితే ఫైకాల్ సాంద్రత పెరిగి ఎర్రకణాలు పొరలోనే మిగిలిపోతాయి. మే నెలలో ఏసీ పనిచేయని గదిలో అయితే దీనికి తలకిందులు: సాంద్రత తగ్గి, కావలసిన కణాలు కిందికి జారిపోతాయి. గడ్డలున్న నమూనాని ఎంత వడకట్టినా లాభం లేదు, సేకరించేటప్పుడే సంచిని మెల్లగా ఊపుతూ ఉండాలి.

ఇక లెక్కపెట్టడం. సీడీ34 యాంటీబాడీ మూడో తరగతి క్లోనా కాదా చూడండి. మొదటి తరగతివి కొన్ని కణాల్ని వదిలేస్తాయి. చచ్చిన కణాలకే అంటే 7-ఏఏడీ రంగు వేయకపోతే చచ్చినవి కూడా లెక్కలో పడతాయి. తెలిసిన సంఖ్యలో పూసలు కలిపి ఫ్లో సైటోమీటర్ (లేజర్‌తో కణాల్ని ఒక్కొక్కటిగా గుర్తించే యంత్రం) మీదే నేరుగా లెక్కిస్తున్నారా, లేక శాతాన్ని వేరే యంత్రం చెప్పిన తెల్లకణాల సంఖ్యతో హెచ్చవేస్తున్నారా? ఒక ల్యాబ్ ఇదీ ఇంకో ల్యాబ్ అదీ చేస్తుంటే లెక్కలు ఎప్పటికీ కలవవు. పూసల పద్ధతిలో పిపెట్‌దే పెత్తనం: రివర్స్ పిపెటింగ్ చేయాలి, గొట్టం గోడకి అంటిన రక్తపు చుక్కని తుడవాలి. ప్రతి గొట్టంలో కనీసం 100 సీడీ34 కణాలు లెక్కకి రావాలి. 100 లెక్కపెడితే అటూ ఇటూ పది శాతం తేడా గణితంలోనే ఉంది. 400 అయితే అది అయిదు శాతానికి దిగుతుంది.

కాలనీ పరీక్షలో (మూలకణాలు ఎన్ని గుంపులుగా పెరుగుతాయో చూసేది) తేడాకి కారణం చాలాసార్లు వాటిని పెంచే మిథైల్‌సెల్యులోజ్ మీడియం చిక్కదనమే. పిపెట్‌తో తీస్తే గోడలకే సగం అంటుకుంటుంది. మొండి సూది, సిరంజి వాడి 35 మి.మీ. ప్లేటుకి 1.1 మి.లీ. వేయండి, పక్కనే నీళ్ల ప్లేటు పెట్టండి. విశాఖ గాలిలో ఎంత తేమ ఉన్నా ఇంక్యుబేటర్ లోపలికి రాదు. 14 రోజులకి మీడియం అంచులెండిపోయి కాలనీలు తగ్గుతాయి.

నమూనాలు మార్చుకోవడం మంచిదే, మార్చుకున్న తీరే లోపం. సాయంత్రం రైలెక్కిన రక్తం హైదరాబాద్‌లో తెల్లారి తెరుచుకుంటుంది. మీరు లెక్కపెట్టింది రెండు గంటల నాటి రక్తం, వాళ్లది పద్దెనిమిది గంటల నాటిది. ఒకే నమూనాని రెండు గొట్టాలుగా చేసి, మీ వాటాని కూడా పక్కన పెట్టి, ముందే అనుకున్న ఒకే గంటకి ఇద్దరూ స్టెయిన్ చేయండి. ఐస్‌జెల్ ప్యాకెట్ గొట్టానికి తగలకుండా మధ్యలో అట్ట పెట్టండి, లోపల ఉష్ణోగ్రత నమోదుచేసే లాగర్ వేయండి. ఎఫ్‌సీఎస్ ఫైళ్లని (సైటోమీటర్ ఇచ్చే ముడి వివరాలు) గేట్లు (ఏ కణాల్ని లెక్కించాలో చూపే గీతలు) గీయకుండా ఇచ్చిపుచ్చుకోండి. వాళ్ల ఫైల్ మీద మీరు, మీ ఫైల్ మీద వాళ్లు గీస్తే తేడా కణాల్లో ఉందో కళ్లలో ఉందో తేలిపోతుంది.

మొదటి గొట్టం కదలకముందే ఒప్పందం కాగితం మీద ఉండాలి: నైతిక కమిటీ, మూలకణ పరిశోధన కమిటీ అనుమతులు, పదార్థ బదిలీ ఒప్పందం, మిగిలిన నమూనా ఎవరిది, వ్యాసంలో పేర్ల వరస ఎలా. విదేశీ ల్యాబ్ కలిస్తే ఆరోగ్యశాఖ పరిశీలన కమిటీ అనుమతి కూడా. ఈ కాగితాలకి నెలలు పడతాయి కాబట్టి ప్రయోగం మొదలయ్యాక చూద్దాం అనుకోవద్దు. వెల్లూరు పరిశోధకులు అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంతో కలిసి, హీమోఫీలియా-ఎ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగుల సొంత మూలకణాల్లోకి జన్యువును ఎక్కించి 2024 డిసెంబరులో ఫలితాలు ప్రకటించారు. రోగులు అయిదుగురే. ఆ అయిదుగురి లెక్కలు రెండు దేశాల్లోనూ ఒకేలా చదవగలిగేలా ఉండాలి మరి.

భీమిలి నుంచి ఒక పాఠకుడు: దాత బ్లడ్ గ్రూపు వేరైతే మూలకణాలు పనికిరావా?

పనికొస్తాయి. చూసేది హెచ్‌ఎల్‌ఏ. గ్రూపు తేడా ఉంటే సంచిలోంచి ఎర్రకణాలో ప్లాస్మానో తీసేసి ఎక్కిస్తారు. కొన్ని నెలల్లో రోగి గ్రూపు దాత గ్రూపుగా మారిపోతుంది, ఆ మధ్యకాలంలో ఏ గ్రూపు రక్తం ఎక్కించాలో మార్పిడి చేసిన కేంద్రం చీటీ రాసిస్తుంది. ఆ చీటీ ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి.